రెండు దూలాలు, ఒక బరువు

జనగామలోనో మహబూబాబాద్‌లోనో పాత పెంకుటింటి దూలం వంగిందనుకోండి. దానికి మరో దూలం చేరుద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మరి బరువును ఆ రెండూ ఎలా పంచుకుంటాయి?

ఒకే కర్ర, ఒకే కొలత అయితే చెరి సగం. వంపూ సగమే. ఎత్తులు వేరైతే లెక్క మారుతుంది. ఆనుకుని ఉన్నాయి గనుక రెండూ సమానంగా వంగాలి. వంగనని ఏది ఎక్కువ మొండికేస్తే బరువు దాని మీదే పడుతుంది. వెడల్పు ఒకటే అయి, ఒకటి 4 అంగుళాల ఎత్తు, ఇంకోటి 8 అంగుళాలు అయితే, 9 పాళ్లలో 8 పెద్దదే మోస్తుంది. చిన్నది దాదాపు అలంకారమే!

అసలు కిటుకు జారుడులో ఉంది. ఊరికే పేర్చిన దూలాలు వంగేటప్పుడు ఒకదానిమీద ఒకటి జారతాయి. సమానమైన రెండింటిని అసలు జారకుండా అతికిస్తే ఒకే దూలమైపోతాయి. వంపు ఒంటి దూలానికి వచ్చేదాంట్లో 8వ వంతుకు పడిపోతుంది, మోసే బరువు 4 రెట్లవుతుంది. బోల్టులు కాస్త కదులుతాయి కాబట్టి అంతా చేతికి రాదు, అయినా లాభమే.

రాతి దూలం తీరు వేరు. అది వంగేలోపే అడుగున పగులుతుంది. పాలంపేట రామప్ప గుడిలో శిల్పులు బరువునే తగ్గించారు. శిఖరానికి నీటిలో తేలేంత తేలిక ఇటుకలు వాడారు.

మీ ఇంట్లో దూలం వంగితే, ముందు చెదలు చూడండి. ఊతకర్ర పెట్టి దాన్ని పైకి లేపించి, ఆ తర్వాతే కొత్తదాన్ని చేర్చి బిగించమనండి.