చెమ్మ గదిలో తేమ మీటరును నమ్మవచ్చా?

(రోగుల కుటుంబ సభ్యుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఉబ్బసం ఉన్న బిడ్డకో, ఏళ్ల తరబడి ఆయాసంతో బాధపడుతున్న పెద్దవారికో తోడుగా ఇక్కడికి వచ్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు "గదిలో చెమ్మ లేకుండా చూసుకోండి" అని చెబుతారు. ఆ మాట విని కొందరు వేడినీ తేమనూ చూపించే చిన్న డిజిటల్ మీటరు కొని రోగి గదిలో పెడుతున్నారు. మంచి పనే. కాని ముసురు పట్టిన రోజుల్లో ఆ మీటరు 99 దగ్గర ఆగిపోతుంది, లేదా అంకెలకు బదులు గీతలు చూపిస్తుంది. ఇంకొన్నిసార్లు గోడలు చెమ్మెక్కి ఉన్నా "అంతా బాగుంది" అన్నట్టు 55 చూపిస్తుంది. అన్నిటికంటె ప్రమాదం ఈ చివరిదే. పాడైందని తెలిసిన మీటరును పక్కన పెడతాం. తప్పు చెబుతున్నదని తెలియని మీటరును మాత్రం నమ్మి కూర్చుంటాం.

చెమ్మతో వచ్చే కీడు చిన్నది కాదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలలో చెప్పింది. పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనిపించని ధూళి పురుగులు కూడా గాలిలో తేమ 50 శాతం దాటితే బాగా పెరుగుతాయి. కనుక మీటరు నిజం చెబుతున్నదో లేదో మనకు తెలియాలి.

మీటరు లోపల ఏముంది?

లోపల గోరంత కూడా లేని సెన్సారు ఉంటుంది. దానిమీద ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర గాలిలోని తేమను పీలుస్తుంది, గాలి పొడిగా ఉంటే వదిలేస్తుంది. పొరలో ఎంత తేమ చేరిందో కొలిచి మీటరు అంకె చూపిస్తుంది. రోజుల తరబడి 80 శాతం పైబడిన తేమలో ఉంటే ఆ పొర ఉబ్బినట్టయి, గాలి ఆరినా కొంతకాలం ఎక్కువే చూపిస్తుంది. దానిమీద నీటి బిందువులు చేరితే 99 దగ్గర నిలిచిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే, ఏసీ గదిలో చల్లబడిన మీటరును వంటగదిలోకి తెస్తే దానికీ నీరు పడుతుంది. ఫినాయిలు, పెయింటు, సెంటు ఆవిరులు, అగరుబత్తి పొగ కూడా ఆ పొరను పాడుచేస్తాయి.

ఇంకొక సంగతి. మీటరు చూపే శాతం ఉష్ణోగ్రతతో పాటు మారుతుంది. 30 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. 20 డిగ్రీల గాలి సుమారు 17 గ్రాములే మోస్తుంది. అంటే గదిలో నీటి ఆవిరి అంతే ఉన్నా, మీటరు ఉన్నచోటు వెచ్చగా ఉంటే శాతం తగ్గుతుంది, చల్లగా ఉంటే పెరుగుతుంది. గదిలో 28 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్నాయనుకోండి. అదే మీటరును టీవీ పెట్టె మీద, అయిదు డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్నచోట పెడితే సుమారు 56 చూపిస్తుంది. మీటరు పాడవలేదు. పెట్టిన చోటే తప్పు.

వరుసగా ఇలా చూడండి

1. ముందు చోటు మార్చండి. టీవీ, ఫ్రిజ్, బల్బు దగ్గర వద్దు. ఏసీ గాలి నేరుగా తగిలేచోట, కిటికీలో, చెమ్మెక్కిన గోడకు ఆనించి వద్దు. ఆవిరి పట్టే గిన్నె, నెబ్యులైజరు, ఆక్సిజన్ నీటి సీసాల పక్కన అసలే వద్దు. మంచం మీద రోగి తల ఉండే ఎత్తులో, లోపలి వైపు గోడకు కాస్త ఎడంగా పెట్టండి. అరగంట ఆగి చూడండి.

2. బ్యాటరీ చూడండి. అంకెలు వెలిసినట్టు కనబడినా, వెలిగి ఆరుతున్నా కొత్తది వేయండి. చెమ్మలో బ్యాటరీ తగిలే రేకులకు పచ్చటి లేదా తెల్లటి పూత పడుతుంది. పొడిగుడ్డతో గాని, పెన్సిలు రబ్బరుతో గాని రుద్ది తీసేయండి.

ఇక్కడ తల్లులకు ఒక హెచ్చరిక. కొన్ని మీటర్లలో బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది. పసిబిడ్డ దాన్ని మింగితే రెండు గంటల లోపలే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగిందేమోనన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. తీసిన పాత బ్యాటరీని కూడా పిల్లలకు అందనివ్వకండి.

3. మీటరును ఆరనివ్వండి. బ్యాటరీ తీసి, గాలి చొరని డబ్బాలో, కొత్త చెప్పులతో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి ఒకటి రెండు రోజులు ఉంచండి. పొయ్యి దగ్గర, ఎండలో, జుట్టు ఆరబెట్టే మెషీను కింద పెట్టకండి. బియ్యంలో పూడ్చవద్దు. ఆ నూక, ధూళి సెన్సారు రంధ్రాల్లో చేరతాయి.

4. ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటట్టు కొన్ని చుక్కల నీరు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ, బ్యాటరీ వేసిన మీటరునూ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసి, ఎండ తగలని చోట పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి. మూత తీయకుండా బయటినుంచే చూడండి. తడి ఉప్పు పక్కన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. అది ప్రకృతి నియమం. మీటరు 70కీ 80కీ మధ్య చూపిస్తే ఇంటి అవసరానికి చాలు. 85 చూపిస్తే పది ఎక్కువ చెబుతున్నదని రాసి మీటరు వెనుక అతికించండి. ఆరబెట్టిన తరువాత కూడా 99 లేదా గీతలే వస్తే దాన్ని మార్చడమే మేలు.

5. ఉష్ణోగ్రతను వేరుగా చూడండి. గోడకు తగిలించే మామూలు గది థర్మామీటరును పక్కన పెట్టి అరగంట తరువాత రెండూ పోల్చండి. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు. వైరుతో ఉండే సెన్సారయితే గాజు గ్లాసులో నలిగిన మంచు ముక్కలు, కొద్దిగా నీళ్లు కలిపి, దాని కొసను అందులో ముంచండి. సున్నా దగ్గరకు రావాలి. వైరు లోపలికి నీరు దిగితే ఇలాంటి సెన్సార్లు సాధారణంగా ఉన్న వేడికంటె ఎక్కువ చూపిస్తాయి.

మీటరు లేకపోయినా

గది థర్మామీటరు కింది బుడ్డికి తడిపిన శుభ్రమైన నూలుగుడ్డ చుట్టి ఫ్యాను గాలిలో కాసేపు ఉంచండి. గుడ్డ చుట్టక ముందు 30 డిగ్రీలు ఉండి, తడిగుడ్డతో 24కు దిగితే తేమ సుమారు 60 శాతం. 27 దగ్గరే ఆగితే సుమారు 79. అసలు దిగకపోతే గాలి తేమతో నిండిపోయిందని అర్థం. అప్పుడు మీ మీటరు చూపే 99 అబద్ధం కాదు, గదే అలా ఉంది. పరీక్ష ముగిసేదాకా గుడ్డ ఆరిపోకుండా చూసుకోండి.

మీటరు నిజమే చెబుతున్నదని తేలితే చేయవలసిన పని గదిలో ఉంది. స్లాబు కారుతుంటే, పైపు చెమరుస్తుంటే ముందు అది బాగుచేయించండి. తడి బట్టలు రోగి గదిలో ఆరేయకండి. మంచాన్ని చెమ్మ గోడకు జానెడు దూరం జరపండి. బయట పొడిగా ఉన్నప్పుడు కిటికీలు తెరవండి. కోస్తాలో వానాకాలం ఉదయాలు బయటి గాలిలోనే తేమ 80 శాతం దాటుతూ ఉంటుంది గనుక, వాన లేని మధ్యాహ్నం తెరవడం మంచిది.

చివరగా ఒక్క మాట

మీటరు గది సంగతే చెబుతుంది, రోగి సంగతి చెప్పదు. అంకె బాగుందని ఆగకండి. మాట ముక్కలు ముక్కలుగా వస్తున్నా, బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకుంటున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఇన్‌హేలరు వాడిన నాలుగు గంటల లోపలే మళ్లీ ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గోడమీది అంకెకంటె మీవారి ఊపిరి ముఖ్యం.