డిస్క్‌కు నిలకడైన పేరు

లినక్స్ సర్వర్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు డిస్క్‌లకు పుట్టుకతో వచ్చినవి కావు. యంత్రం ఆన్ అయ్యాక కెర్నెల్‌కు ముందు కనబడినదానికి ‘ఏ’, తరువాతిదానికి ‘బీ’. కొత్త డిస్క్ బిగించినా, పాతది తీసినా వరుస మారవచ్చు. అసలేమీ ముట్టుకోకపోయినా ఒక్కోసారి మారుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వారికి పేర్లతో ఇలాంటి చిక్కు తెలిసినదే. ఉమ్మడి కర్నూలు జిల్లాలో నందవరాలు రెండు. ఒకటి ఎమ్మిగనూరు దగ్గరి మండల కేంద్రం, మరొకటి బనగానపల్లె దగ్గర చౌడేశ్వరీదేవి వెలసిన ఊరు. 2022 ఏప్రిల్ 4న రెండోది నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. ఆదోని అయితే 1953 అక్టోబరు 1కి ముందు బళ్లారి జిల్లాలో ఉండేది. చిరునామాలు మారాయి గానీ ఊళ్లు కదల్లేదు.

డిస్క్ విషయంలో పేరుకూ వస్తువుకూ ఉన్న ఈ తేడా గమనించకపోతే నష్టం పెద్దది. ఏ డిస్క్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ‘ఎస్‌డీబీ1’ అని రాసి ఉండి, ఆ పేరు వేరే డిస్క్‌కు పోతే సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. ఫార్మాట్ ఆదేశం తప్పు డిస్క్ మీద పడితే ఏళ్ల తరబడి దాచిన లెక్కలు తుడిచిపెట్టుకుపోతాయి. బ్యాకప్ లేనిచోట అవి తిరిగి రావడం కష్టం.

2003లో వచ్చిన యూడెవ్ అనే లినక్స్ సాధనం దీనికి దారి చూపింది. డిస్క్ కనబడగానే అది దాని గుర్తులు చదివి, మారని పేర్లతో లింకులు కడుతుంది. వాటిలో యూయూఐడీ ఫైల్‌సిస్టమ్‌లోనే రాసి ఉండే 128 బిట్ల సంఖ్య. కేబుల్ ఏ పోర్టుకు మార్చినా అదే ఉంటుంది. తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరుతో కట్టే పేరు డిస్క్‌నే పట్టిస్తుంది, కాబట్టి ఫార్మాట్ చేసేముందు చూసుకోవలసింది దాన్నే. పోర్టును బట్టి వచ్చే పేరు మాత్రం కేబుల్ మారితే మారుతుంది. లేబుల్ చదవడానికి సులువు, కానీ రెండు డిస్క్‌లకు ‘డేటా’ అని పెడితే మళ్లీ రెండు నందవరాలే.

యూయూఐడీకీ ఒక లోపముంది. డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ తీస్తే ఆ సంఖ్య కూడా కాపీ అవుతుంది. రెండూ ఒకే యంత్రంలో ఉంటే లింకు ఏదో ఒకదానికే చేరుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే రెండోదాన్ని మామూలుగా మౌంట్ చేయనివ్వదు. కాపీకి కొత్త సంఖ్య ఇవ్వాలి. ఈఎక్స్‌టీ4కు ట్యూన్2ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అడ్మిన్ ఆ పని చేస్తాయి. మళ్లీ ఫార్మాట్ చేసినప్పుడు కూడా కొత్త సంఖ్యే వస్తుంది, ఎఫ్‌స్టాబ్‌లో దాన్ని సరిదిద్దాలి. అప్పుడప్పుడూ తీసిపెట్టే డిస్క్‌కు ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న వరుసలో ‘నోఫెయిల్’ అని చేరిస్తే, అది లేని రోజున కూడా సర్వర్ ఆగకుండా నడుస్తుంది.