అంకెలు కూడ అక్షరములే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



25 సంవత్సరములుగా ఈ గ్రంథాలయము చదువ నేర్చినవారికి పుస్తకము లిచ్చినది. చదువ నేర్వనివారి మాట యేమి? నేను సహకార సంఘమున లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. అంకెలు నా వృత్తి గనుక వానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

గణితము మనకు పరాయిది కాదు. రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమును తెనిగించిన కాలమునకు చేరువలోనే, పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును తెలుగు పద్యములలో వెలయించెను. కావ్యమువలెనే గణితమును దేశభాషలో నుండవలెనని మన పూర్వులు తలచిరి.

మన తోటలలో కొబ్బరికాయలు లెక్కించు కూలివాడు, చేపల తట్ట నెత్తిన బెట్టుకొని అమ్ము స్త్రీ, బడి మొగము చూడకున్నను లెక్క తప్పరు. వారికి లోపించినది బుద్ధి కాదు. నోటి లెక్కను కాగితముపై పోల్చుకొను అలవాటు. ఒక్క ఉదాహరణము చూడుడు. ఊరిలో "నూటికి రెండు" వడ్డీ యన్న నెలకు రెండు. బ్యాంకువారు "నూటికి ఏడు" అన్న సంవత్సరమునకు ఏడు. 10,000 రూపాయలకు సంవత్సరమున మొదటిది 2,400, రెండవది 700. ఏడు కంటె రెండు చిన్నదని భ్రమించి ఇల్లు గుల్ల చేసికొన్నవారిని నేనెరుగుదును.

ఇప్పుడు అంకెలు ఫోనులోనికి వచ్చినవి. 2016లో యు.పి.ఐ. మొదలైన పిదప కిరాణా కొట్టు బేరము సయితము దానితోనే సాగుచున్నది. నిరుడు ఒక వృద్ధురాలు నాయొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొన్నది. ఎవడో ఫోను చేసి, డబ్బు పంపుచున్నాను, రహస్య సంఖ్య నొక్కుమన్నాడట. ఆమె నొక్కినది, పింఛను సొమ్ము పోయినది. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. పిన్ను నొక్కితిమా, మన సొమ్మే పోవును. ఈ చిన్న సూత్రము ఆమెకు చెప్పినవారు లేరు. మోసము జరిగిన తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయవలెననియు చెప్పినవారు లేరు.

ఆమె నన్నడిగిన ప్రశ్న నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది: "బాబుగారూ! ఇన్నేళ్ళనించీ నా చేత ఏలిముద్ర ఏయించుకున్నారు గదండీ, ఒక్క అంకె నేర్పితే మీ సొమ్మేం పోయేదండీ?"

నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇతరుల అజ్ఞానము లెక్కలవానికి సుఖము. ఆ సుఖమును నేననుభవించితిని. 15 ఏండ్లు దాటిన నిరక్షరాస్యులకు అక్షరములతోపాటు అంకెలను, ఫోను వాడుకను నేర్పుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో నవభారత సాక్షరతా కార్యక్రమమును తలపెట్టినది. కాని అది నడువవలసినది స్వచ్ఛంద సేవకుల చేతులమీదుగనే. ఆ చేతులు మనవి కావలదా?

ఆనాటినుండి సాయంకాలములందు ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండుచున్నాను. ఆ వృద్ధురాలే నా ప్రథమ శిష్యురాలు. గడచిన నెలలో నేను వ్రాసిన పద్దులో పది రూపాయల తప్పు ఆమెయే పట్టినది. సిగ్గుపడితిని, అంతకు మించి సంతోషించితిని.

చదువుకొన్న ప్రతివారును ఇంటిప్రక్కనున్న ఒక్కరిని, పాసుపుస్తకముతో, ఫోనుతో ఈ అరుగునకు తోడ్కొని రండు. ఈ ఉత్సవమునకు అదియే తగిన కానుక.