రాగిరేకుకెక్కని స్వరం

మొగిలి ఘాటెక్కి పలమనేరులో తెలుగు సాహిత్య సభ పెట్టుకుని, షూబర్ట్, షోపాన్‌ల కాలపు యూరపు సంగీతం గురించి మాట్లాడటమేమిటని కొందరికి తోచవచ్చు. అయినా నా ప్రశ్న తెలుగు ప్రశ్నే. వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్‌ల కవిత్వం మన దాకా వచ్చింది. ఆ గాలి తగిలిన తొలివారిలో మన చిత్తూరి కట్టమంచి రామలింగారెడ్డి గారొకరు. ఆ తర్వాత రాయప్రోలు 'తృణకంకణము' 1913లోను, కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షము' 1925లోను వచ్చాయి. పరభాషా కవుల ఏకాంతాన్ని, విరహాన్ని, ప్రకృతి మోహాన్ని తెలుగు చేసుకోవడానికి మనకు పాతికేళ్లు పట్టలేదు. ఆ కవుల కాలంలోనే, అవే ఊహలతో పుట్టిన సంగీతం మాత్రం మన గడప తొక్కలేదు. షెల్లీ పేరెత్తని భావకవిత్వ పాఠం లేదు. ఆయన కంటే అయిదేళ్లు చిన్నవాడు, ఆరువందలకు పైగా పాటలు కట్టి 1828లో ముప్పై ఒకటో ఏట చనిపోయిన షూబర్ట్ పేరు ఏ తెలుగు పాఠంలోనూ వినపడదు. ఎందుకని?

వెంటనే దొరికే జవాబు చెవి గురించినది. మనది రాగం, వాళ్లది స్వరాల పొందిక, కాబట్టి మన చెవికి అది ఎక్కలేదంటారు. ఇందులో కొంత నిజముంది గాని, ఇది సరిపోదు. త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులే మద్రాసు దగ్గరి మణలిలో ఉండగా చెవిన పడ్డ ఇంగ్లీషు బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. నలభై దాకా ఉన్న ఆ నొట్టుస్వరాల్లో బ్రిటిషు రాజగీతం వరస కూడా ఉంది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొరల దగ్గర ఫిడేలు నేర్చుకుని దాన్ని కర్ణాటక కచేరీలోకి తెచ్చారు. ఈనాడు ఫిడేలు లేని కచేరీ ఊహించలేం. ఇక సినిమా పాట వెనక పదిమంది ఫిడేళ్లు వేరువేరు స్వరాలు పలుకుతుంటే, ఘాటు రోడ్డు మీద లారీ నడిపే డ్రైవరు కూడా హాయిగా వింటాడు. చెవి మూసుకుని లేదు. వాద్యాన్ని, వరసను చెవితోనే పట్టుకున్నాం. రచనను పట్టుకోలేదు. ఎందుకంటే ఆ రచన ఉండే చోటు చెవి కాదు, కాగితం.

నేను ఈ రోజు చెప్పదలచింది ఈ ఒక్క మాటే. రొమాంటిక్ యుగం అనగానే భావావేశం గుర్తుకొస్తుంది. కాని ఆ యుగపు సంగీతకారుణ్ణి తన ముందరి వాళ్ల నుంచి వేరు చేసింది ఆవేశం కంటే కాగితం మీది నమ్మకం. 1829లో బెర్లిన్‌లో ఇరవయ్యేళ్ల మెండెల్సన్, బాఖ్ రాసిన మాథ్యూ పాషన్‌ను మళ్లీ వినిపించాడు. బాఖ్ పోయి అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. పాడినవాళ్లెవరూ బాఖ్ శిష్యులు కారు, అవసరమూ రాలేదు. షూబర్ట్ పోయిన పదేళ్లకు షూమన్ వియన్నా వెళ్లి, షూబర్ట్ అన్న ఇంట్లో రాతప్రతుల్లో ఒక పెద్ద సింఫనీ చూశాడు. 1839లో మెండెల్సన్ దాన్ని లీప్జిగ్‌లో వాయింపించాడు. 1822 నాటి అసంపూర్ణ సింఫనీ అయితే 1865 దాకా ఎవరికీ వినపడలేదు. అంటే ఆ నాదం నలభై మూడేళ్లు కాగితం మీద నిద్రపోయి, లేచి, పలికింది. బీతోవెన్ సంగతి ఇంకా స్పష్టం. 1824లో తొమ్మిదో సింఫనీ తొలిసారి వినిపించేనాటికి ఆయనకు చెవులు పనిచేయడం లేదు. గొంతు నుంచి గొంతుకు సాగే విద్యలో చెవిటి గురువు పాఠమెలా చెబుతాడు? శిష్యుడి అపస్వరాన్ని ఎలా దిద్దుతాడు? కాగితం ఉండబట్టే బీతోవెన్ చివరి పదేళ్ల రచన సాధ్యమైంది.

ఇప్పుడు కొండ మీదికి వద్దాం. తాళ్లపాక అన్నమాచార్యుల కాలం 1408 నుంచి 1503. ఆయన సంకీర్తనల్ని రాగిరేకులకెక్కించి తిరుమల గుడి అరలో భద్రపరిచారు. మన జాతి పాట కోసం చేసిన అతిపెద్ద భద్రత ఇదేనని నా అభిప్రాయం. పన్నెండు వేలకు పైచిలుకు కీర్తనలు దక్కాయి. ఆ రేకునొకదాన్ని దగ్గరగా చూడండి. పైన రాగం పేరు, కింద పల్లవి, చరణాలు. అంతే. రాగిలో చెక్కిన అక్షరం అయిదు వందల ఏళ్లు చెక్కుచెదరలేదు. ఆ అక్షరం ఏ వర్ణమెట్టులో పలికిందో చెప్పే గుర్తు మాత్రం దాని మీద లేదు. ఆ పని శిష్యపరంపరకు అప్పజెప్పారు, పరంపర తెగింది, వరస పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాల తెలుగు బోధన ముగించి తిరుపతి వచ్చి, వందకు పైగా కీర్తనలకు కొత్తగా స్వరాలు కూర్చారు. ఆయన పాండిత్యానికి చేతులెత్తి మొక్కాలి. అయినా మనం వింటున్నది అన్నమయ్య సాహిత్యం, రాళ్లపల్లి వారి సంగీతం. బాఖ్ తిరిగొచ్చినప్పుడు నాదంతో సహా వచ్చాడు. అన్నమయ్య మాటతో మాత్రమే వచ్చాడు.

ఇక్కడొక పాత పోలికను తేల్చుకోవాలి. త్యాగరాజు మన బీతోవెన్ అని సభల్లో అంటుంటారు. ఒకరు పుట్టింది 1767లో, ఇంకొకరు 1770లో. ఇద్దరూ రాజుల కొలువుకు తల వంచనివారే. పోలిక అక్కడితో ఆపేస్తేనే మర్యాద. కొందరు ప్రభువుల భృతి అందినా, బీతోవెన్ స్వాతంత్ర్యంలో పెద్ద పాలు అచ్చుయంత్రానిది. రచన అమ్మి, అచ్చువేసినవాడి దగ్గర డబ్బు పుచ్చుకున్నాడు. త్యాగరాజు ఉంఛవృత్తి చేశాడు. ఆయన రచనకు కాగితం బదులు మనుషులున్నారు. తిల్లస్థానం, ఉమయాళ్పురం శిష్యులు, ఈ పలమనేరు అప్పట్లో చేరి ఉన్న ఉత్తరార్కాటు జిల్లాలోని వాలాజాపేట వెంకటరమణ భాగవతార్. ఒక్కో ఊరికి ఒక్కో పాఠాంతరం, ఒక్కో సంగతి. షూబర్ట్ లాగా త్యాగరాజు చనిపోయాక కాగితాల్లో దొరికే వీలు లేదు. శిష్యులు లేకపోయుంటే ఆయన లేనే లేడు. అందువల్ల రొమాంటిక్ కవి ఏకాంతాన్ని మన కవి తెచ్చుకోగలిగాడు, మన వాగ్గేయకారుడు తెచ్చుకోలేకపోయాడు. ఎవరూ వినకపోయినా పద్యం పుస్తకంలో పడి ఉంటుంది. ఎవరూ పాడని కృతికి ఉండటానికి చోటే లేదు.

గమకాన్ని కాగితం మీద పెట్టలేం, రాస్తే మన పాట చస్తుంది అని విద్వాంసులు అంటారు. బరువైన అభ్యంతరం. దీనికి జవాబు చెప్పినవాడు, అదీ తెలుగులో చెప్పినవాడు, ఎట్టయపురం సుబ్బరామ దీక్షితులు. ఆయన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తెలుగు లిపిలో అచ్చయింది. దాని పుట తెరిస్తే స్వరాక్షరాల నెత్తిన చిన్న చిన్న గుర్తులు కనిపిస్తాయి. కంపితానికి వంకీ గీత, జారుకు ఏటవాలు గీత, ఇలా ఒక్కో గమకానికి ఒక్కో సంకేతం. ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా మనకు అధికారికంగా దక్కింది ఆ పుటల వల్లనే. అందులో అంతా ఉందా అంటే లేదు. షోపాన్ రాసిన కాగితంలోనూ అంతా లేదు. ఆయన లయను ఎక్కడ లాగి ఎక్కడ వదిలేవాడో ఆయన శిష్యులే చెప్పాలి. కాగితం, గొంతు ఒకదాన్నొకటి చంపుకోవు. అయితే ఒప్పుకోవలసింది ఒకటుంది. సంగతి మీద సంగతి వేసుకుంటూ ప్రతి కచేరీలో పెరిగే కృతికి కాగితం ఎప్పుడూ బిగుతు చొక్కానే.

ఏ పాటకు కాగితం సరిగ్గా సరిపోతుందో మన పొరుగునే, పుంగనూరు దాటితే వచ్చే మదనపల్లెలో తెలిసింది. 1919 ఫిబ్రవరిలో టాగూరు బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి 'జనగణమన' పాడాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్, ఐర్లండులో 1902లో సంగీత పట్టా పుచ్చుకున్న మనిషి. ఆమె చేతికి నేర్పిన బడి నేను చెబుతున్న ఆ యూరపు సంగీతపు బడి. టాగూరు పాడిన వరసను ఆమె స్వరలిపిలో పెట్టింది. బాణీ మదనపల్లెలోనే పుట్టిందని మన వైపు గర్వంగా చెప్పుకుంటారు. అది అతిశయోక్తి. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే దాన్ని పాడారు. ఇక్కడ జరిగింది పుట్టుక కాదు, రాత. నాకు ఈ రాతే పెద్ద విషయం. వేలమంది నిలబడి ఒకే వరసలో ఒకే స్వరం పాడవలసిన పాటకు పాఠాంతరాలు పనికిరావు.

పరాయి పాలకుల సంగీతం మనకెందుకు అనేవాళ్లకు నేను దేశభక్తి పాఠం చెప్పను. షెల్లీ వచ్చింది కూడా ఆ ఓడల్లోనే. ఆ మాటకు ఇంకో జవాబు మనకు పడమట, ముళబాగిలు దాటాక ఉన్న మైసూరులో ఉంది. అక్కడి మహారాజు జయచామరాజ ఒడయరు, తెలుగు సంస్కృత కృతులు రాసిన మైసూరు వాసుదేవాచార్యుల శిష్యుడు. శ్రీవిద్య ముద్రతో 94 కృతులు రాశాడు. అదే మనిషి పియానో సాధన చేసి, లండనులో పేదరికంలో ఉన్న రష్యను స్వరకర్త మెట్నర్ రచనల్ని డబ్బిచ్చి రికార్డు చేయించాడు. మెట్నర్ తన మూడో పియానో కన్చెర్టోను ఆయనకే అంకితమిచ్చాడు. గొంతు విద్యలో కృతి కట్టిన ఆ చెయ్యే కాగితం విద్యను కాపాడటానికీ ముందుకొచ్చింది.

రొమాంటిక్ సంగీతం చివరి మాట అని చాలామంది లెక్కించే రచన రిచర్డ్ స్ట్రాస్ నాలుగు ఆఖరి పాటలు. ఎనభై నాలుగో ఏట, 1948లో రాశాడు. ఆ నాలుగింట్లో ఒకటి రొమాంటిక్ కవి ఐకెండార్ఫ్ పద్యమే. 1949 సెప్టెంబరులో స్ట్రాస్ చనిపోయాడు. వాటిని 1950 మే 22న లండను ఆల్బర్ట్ హాలులో తొలిసారి పాడారు. రాసిన మనిషి ఒక్కసారీ వినలేదు. ఆ కచేరీ ఖర్చుకు హామీ పడ్డవాడు ఒడయరు. పెట్టిన షరతు ఒక్కటే, పాటల్ని రికార్డు చేసి మైసూరుకు పంపాలని.