కంప్యూటరు విషయమున మా ఇష్టానిష్టములు

ఏ కంప్యూటరు మంచిది అని మమ్ము తరచుగా అడుగుచుందురు. రేడియోలో పనిచేయువారికి యంత్రముల సంగతి తెలియునని జనులకొక నమ్మకము. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట, ఎవరి ఇంటి ఆవకాయ మంచిదో చెప్పుట వంటిది. చిన్ననాటినుండి నాలుకకు అలవడినదే రుచి. తక్కినవానిలో ఉప్పు ఎక్కువయో, ఆవపిండి తక్కువయో అనిపించును. కంప్యూటరు విషయమునను మొదట చేతికి అలవడినదే మేలైనదిగా తోచును. అయినను ఇష్టములన్నియు అలవాట్లేయని కొట్టివేయుటకు వీలులేదు. కొన్నిటికి కారణములున్నవి. వానిని విన్నవించుటయే మా ఉద్దేశము. వానిలో ఒక కారణమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది.

కంప్యూటరులో చేతికి తగులు భాగములు కొన్ని గలవు: తెర, మీటల పలక, జ్ఞాపకశక్తి చిప్పులు, డిస్కు మొదలైనవి. ఈ అవయవములన్నిటిచేతను పని చేయించు ప్రోగ్రామును ఆపరేటింగు సిస్టము అందురు. ఇంటికి ఇల్లాలు ఎట్టిదో యంత్రమునకు ఇది యట్టిది. ఎవరికి ఎంత వడ్డింపవలెనో, ఏ వస్తువు ఏ అటకమీద నున్నదో దానికే యెరుక. మన ఇండ్లలో కనిపించునవి ముఖ్యముగా మూడు. యాపిల్ వారి మెకింతోష్ 1984 జనవరిలోను, మైక్రోసాఫ్టువారి విండోసు 1985లోను వెలువడినవి. హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించినది లినక్సు. మొదటి రెండును కంపెనీల సొత్తు. మూడవదానిని ఎవరైనను తీసికొని, విప్పిచూచి, మార్చుకొని, పదిమందికి పంచిపెట్టవచ్చును.

మా వృత్తినిబట్టి కలిగిన ఇష్టమును మొదట చెప్పుదుము. యంత్రము చప్పుడు చేయరాదు. మైక్రోఫోను మొహమాటమెరుగని వస్తువు. మన చెవి అలవాటుపడి వినుట మానిన సవ్వడిని గూడ అది పట్టి చూపును. కంప్యూటరులోని చిప్పు వేడెక్కినప్పుడు దానిని చల్లార్చుటకు ఒక చిన్న పంకా తిరుగును. పాత తరహా డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెములు నిమిషమునకు 5400 చుట్లో 7200 చుట్లో తిరుగుచుండును. నిశ్శబ్దమైన గదిలో ధ్వనిముద్రణ చేయునప్పుడు ఈ రెండు సవ్వడులును కలిసి మాటల నడుమ ఈగ ముసిరినట్లు వినిపించును. తిరుగు భాగములే లేని సాలిడ్ స్టేట్ డిస్కు వచ్చిన పిమ్మట సగము బాధ తీరినది. 2020 నవంబరులో యాపిల్ వారు తమ సొంత చిప్పుతో వెలువరించిన మాక్‌బుక్ ఎయిర్‌లో పంకా కూడ లేదు. ధ్వనిముద్రణకు అది మాకు మిక్కిలి నచ్చిన యంత్రము. నచ్చని గుణమును దానియందే కలదు. కొన్ననాడు ఎంత జ్ఞాపకశక్తి యున్నదో కడవరకు నంతయే. పిదప పెంచుటకు వీలులేదు. ఎదిగే పిల్లవానికి కుట్టించు చొక్కావలె కొనునాడే కొంత వదులుగా కొనవలెను. ధ్వనిని కత్తిరించి కూర్చుటకు మేము వాడునది 2000 సంవత్సరమున వెలువడిన అడాసిటీ అను ఉచిత ప్రోగ్రాము. అది మూడు సిస్టములమీదను నడచును గనుక ఈ పనికి ఏ సిస్టమైనను మాకు చింతలేదు.

మీటల విషయమున మాకు పట్టుదల యెక్కువ. ఐబియమ్ వారు 1985లో వెలువరించిన మోడల్ ఎమ్ అను పలకలో ప్రతి మీట క్రిందను ఒక స్ప్రింగు ఉండును. నొక్కగానే అది వంగి టక్కుమనును. అక్షరము పడినదని వ్రేలికి నిశ్చయముగా తెలియును. టైపురైటరుపై చేయి తిరిగినవారికి ఇది ప్రాణము, ప్రక్కగదిలో నిదురించువారికి ప్రాణసంకటము. 1992లో ఐబియమ్ వారి యింటనే పుట్టి, 2005లో లెనోవో వారి చేతికి మారిన థింక్‌ప్యాడ్ వరుసలోని మీటలు మెత్తగా నుండియు వ్రేలికి జవాబు చెప్పును. నడుమనున్న ఎర్రని బొడిపెతో, మీటలమీదినుండి చేయి తీయకుండ తెరపై బాణమును నడపవచ్చును. అద్దమువలె మెరయు తెరలు మాకు గిట్టవు. వ్రాయుచున్న వాక్యముకంటె మా ముఖమే యెక్కువగా కనిపించును.

ఇవన్నియు సుఖమునకు సంబంధించినవి. సుఖము లేకున్నను పని జరుగును. మనము వ్రాసికొన్నది పదియేండ్ల తరువాత, మరియొక యంత్రముమీద, మనకే చదువ వీలగునా అనునది అట్టి ప్రశ్న కాదు.

ఈ ప్రశ్న తెలుగువారికి మిక్కిలి సన్నిహితమైనది. 1990 తరువాత చాలకాలము మన ముద్రణాలయములలోను కార్యాలయములలోను తెలుగు టైపుచేసిన పద్ధతి చిత్రమైనది. యంత్రమునకు తెలిసినవి ఇంగ్లీషు అక్షరములే. ఆ అక్షరముల స్థానములలో తెలుగు లిపి ముక్కలను, తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు మరియొకచోట అమర్చి, వానిని ప్రక్కప్రక్కన పేర్చి మాటలు కనబడునట్లు చేసెడివారు. కంటికి అది తెలుగే. యంత్రమునకు మాత్రము ఇంగ్లీషు అక్షరముల గుంపు. ఆ ఫాంటు ఉన్నంతకాలము ఇబ్బంది లేదు. అది లేని యంత్రమున తెరచినచో, ప్రసంగమునకు బదులు అర్థములేని రోమను అక్షరములును విరామచిహ్నములును తెరనిండ కనబడును. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరున ముక్కలను అమర్చుటచే, ఒకరి ఫాంటులో కూర్చినది మరియొకరి ఫాంటులో చదువుటకు రాదు.

మేము పనిచేసిన ఒక కేంద్రమున ఇట్లు కూర్చిన ప్రసంగపాఠములు వందల సంఖ్యలో నుండెను. వానిని వ్రాసినవారిలో పలువురిప్పుడు లేరు. కాగితపు ప్రతులు కొన్ని చెదలపాలైనవి. ఫాంటు అమ్మినవారిని విచారింపగా, ఆ పాత కూర్పును విడిచిపెట్టి చాలకాలమైనదనిరి. ఆ ప్రోగ్రాము నడచుటకు యంత్రము వెనుక తగిలింపవలసిన డాంగిల్ ఒక్కటే మిగిలియుండెను. కొత్త యంత్రములు దానిని గుర్తింపకపోయెను. కావున పాత యంత్రమునకు గుడ్డకప్పి ఒక మూల భద్రపరచి, అది ఊపిరితో నున్నప్పుడే పాఠములను యూనికోడునకు మార్చుటకు కూర్చుంటిమి. మార్పుచేయు ప్రోగ్రాములు లేకపోలేదు. కాని వానినే నమ్మినచో ఒత్తులు తారుమారగును. ఒకరు చదువుచుండ మరియొకరు దిద్దవలెను. ఒక్కొక్క ప్రసంగమునకు ఒక పూట పట్టినది. ఒక వృద్ధ హరికథకుడు తన గురువును గూర్చి చెప్పిన ప్రసంగమొకటి, ధ్వనిముద్రణ చెడిపోగా, ఈ అక్షరరూపమున మాత్రమే దక్కినది.

యూనికోడు 1991 అక్టోబరులో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడినది. అందు 'క' అనునది బొమ్మ కాదు, కకారమే. ఫాంటు మార్చినను, సిస్టము మార్చినను అది కకారముగానే యుండును. అయితే స్థానము దొరకుట వేరు, ఇంటి కంప్యూటరులో కనబడుట వేరు. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీతో 'గౌతమి' అను తెలుగు ఫాంటును, 2009లో వచ్చిన విండోసు 7తో 'వాణి' అను ఫాంటును వచ్చినవి. రెండవ పేరు రేడియోవారి చెవికి ఇంపుగా నుండుటలో ఆశ్చర్యము లేదు. లినక్సునకు తెలుగు నేర్పినవారిలో ఎక్కువమంది జీతమాశింపని ఔత్సాహికులు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' వారు ఆజ్ఞలును పట్టికలును తెలుగున కనిపించు లినక్సు సిస్టమునే సిద్ధపరచిరి. మేము నేర్చిన ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరిక విండోసునందును లినక్సునందును ఒక్కటే. అందు అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. తెలుగు నేర్చిన చేయి కన్నడమునను హిందీయందును తడబడదు.

ఎంత గొప్ప కంపెనీయైనను తెలుగు గుణింతములముందు ఒకనాడు తడబడక తప్పదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరమును, నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో గూర్చి పంపినచో, యాపిల్ వారి ఫోనులలోను కంప్యూటర్లలోను దానిని చూపబోయిన ప్రోగ్రాములు కుప్పకూలెడివి. 'జ్ఞానము' అని మామూలుగా వ్రాసికొన్నవారికి బాధ లేకుండెను. ఆ నెలలోనే కంపెనీవారు సవరణను వెలువరించిరి. జ్ఞానమును మోయుట ఎవరికైనను బరువేనని అప్పుడు తెలుగునాట చాలమంది నవ్వుకొనిరి.

ఇక అనేక గృహములవారిని నిజముగా కలతపెట్టిన సంగతి మరియొకటి కలదు. 2015 జూలైలో వెలువడిన విండోసు 10నకు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14తో సాధారణ పోషణను ముగించిరి. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మరియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా సవరణలందునట్లు ఏర్పాటు చేసిరి. దాని తరువాతిదైన విండోసు 11 అన్ని పాత యంత్రములపై నెక్కదు. టీపీఎమ్ 2.0 అను భద్రతా భాగమును, వారు ఆమోదించిన జాబితాలోని చిప్పును ఉండవలెను. ఇంటెల్ చిప్పులలో స్థూలముగా ఎనిమిదవ తరమును ఆ తరువాతివియు అందు చేరును. తెర వెలుగుచు, మీటలు పలుకుచు, ఏ లోపమును లేని యంత్రము దీనిచే పనికిరానిదగుట మాకు సహింపదు. ఎద్దు బాగుగనే యున్నది, కాడి మారినది గనుక ఎద్దును అమ్ముకొనుమనుట వంటిది ఇది.

అట్టి యంత్రమునకు లినక్సు ఎక్కించుటయే మా ఇష్టము. 1993లో పుట్టిన డెబియన్, దానినుండి 2004లో వచ్చిన ఉబుంటు, ఈ కుటుంబమునకే చెందిన మింట్ మొదలగునవి ఇంటివాడుకకు అనువైనవి. ముందుగా దానిని ఒక పెన్‌డ్రైవునకు ఎక్కించి, డిస్కును తాకకుండ పెన్‌డ్రైవునుండియే నడిపి చూడవచ్చును. ధ్వని వచ్చుచున్నదా, వైఫై అందుచున్నదా, తెలుగు సరిగా కనబడుచున్నదా అని ఒక సాయంకాలము పరీక్షించి, నచ్చనిచో పెన్‌డ్రైవు తీసివేసిన చాలును. పాత సిస్టము చెక్కుచెదరదు. నచ్చి స్థిరముగా ఎక్కింపదలచినచో, తమ కాగితములను, ఛాయాచిత్రములను ముందుగా వేరొకచోట ప్రతి తీసియుంచుకొనవలెను. ఇందు తొందర పనికిరాదు.

మా యింట 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఇట్లే లినక్సుపై నడుచుచున్నది. తిరుగు డిస్కును తీసి సాలిడ్ స్టేట్ డిస్కు వేయించి, జ్ఞాపకశక్తిని 4నుండి 8 గిగాబైట్లకు పెంచితిమి. పాత యంత్రమునకు డబ్బు వెచ్చింపదలచినవారికి మొదట డిస్కు మార్చుటయే ఫలదాయకమని మా యనుభవము. మా అమ్మాయికి మాత్రము లినక్సు పొసగదు. ఆమె కళాశాల పాఠములకు కావలసిన ప్రోగ్రాము విండోసుమీదనే నడచును గనుక ఆమె బల్లపై విండోసు 11 యంత్రమున్నది. ఆమె కారణము న్యాయమైనదే. మా గృహిణి సిస్టము పేరు అడుగదు. తెలుగు వచ్చునా, కాగితముపై అచ్చగునా అని రెండే ప్రశ్నలడుగును. మొదటిదానికి మేము ధైర్యముగా జవాబు చెప్పగలిగితిమి. ఆమె పాత యంత్రముపై వ్రాసిన ఉత్తరములు అమ్మాయి యంత్రమున ఒక్క ఒత్తైనను జారకుండ తెరచుకొనుచున్నవి. రెండవ ప్రశ్నకు జవాబు ఇంకను దొరకలేదు. మా యింటి ప్రింటరును చేసినవారు లినక్సునకు తగిన ప్రోగ్రాము నీయలేదు. అచ్చు కావలసినపుడెల్ల అమ్మాయి చదువు ముగియువరకు వేచియుండి, ఆమె బల్లకడకు పోయి బ్రతిమాలుకొనుచున్నాము.