పెన్‌డ్రైవులో ద్వారపాలకుడు



షాజహానాబాదు నగరమునకు ప్రాకారము కట్టించినవారు కాశ్మీరు ద్వారము, అజ్మీరు ద్వారము, ఢిల్లీ ద్వారము మున్నగు ద్వారములను గూడ నిర్మించిరి. ద్వారము లేని ప్రాకారములో నగరము బ్రదుకజాలదు. కావలి లేని ద్వారమున్నచో ప్రాకారము నిష్ప్రయోజనము. నేటి కార్యాలయములోని కంప్యూటర్లకును ఇదే న్యాయము వర్తించును. బయటి ఇంటర్నెట్టునకును లోపలి యంత్రములకును నడుమ నిలిచి, వచ్చిపోవు సమాచారపు ప్యాకెట్లను పరీక్షించి, అనుమతి గలవానిని పంపి, లేనివానిని ఆపు కావలివానికే ఫైర్‌వాల్ అని పేరు.

ఈ రాజధానిలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు 1976లో స్థాపింపబడినది. 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ఇంటర్నెట్టును సామాన్య ప్రజలకు అందించినది. తలుపులు పెరిగినకొలది కావలి యొక్క ఆవశ్యకతయు పెరిగినది.

కావలి తప్పినచో ఏమగునో ఢిల్లీ చూచినది. 2022 నవంబరు 23వ తేదీన ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై దాడి జరిగినది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారము ఎవరికిని చదువరాని రహస్యలిపిలోనికి మార్చబడినది. రోగుల నమోదు మొదలుకొని అనేక కార్యములు చాల దినములు కాగితముపై, చేతివ్రాతతో సాగినవి. నెట్‌వర్కును తగిన భాగములుగా విభజింపకపోవుట ఇందుకు కారణమని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. అనగా ఒక్క సింహద్వారము చాలదు. ఇంటిలో వంటగదికి, పడకగదికి వేరు తలుపులున్నట్లే, కార్యాలయములోని ప్రతి విభాగమునకును వేరు కావలి ఉండవలెను.

ఇన్ని కావళ్లకు ధనమెక్కడిది? రెండు నెట్‌వర్కు కార్డులు గల పాత కంప్యూటరైనను ఒక చిన్న కార్యాలయమునకు చాలును. కెనడాలోని కాల్గరీ కేంద్రముగా థియో డి రాట్ 1995లో ఆరంభించిన ఓపెన్‌బీఎస్‌డీ అను ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితముగా లభించును. దానిలో 2001 నుండి పీఎఫ్ అను ఫైర్‌వాల్ అంతర్భాగముగా నున్నది.

కష్టమంతయు స్థాపనలోనే యున్నది. యంత్రము పేరేమి, చిరునామా యేమి, ఏ డిస్కుపై వ్రాయవలెను, సంకేతపదమేమి అని స్థాపక కార్యక్రమము వరుసగా ప్రశ్నించును. ఒక్క యంత్రమునకైనచో సమాధానము చెప్పవచ్చును. ఇరువది శాఖలలో చెప్పవలసివచ్చినచో ఒకచోట అంకె తప్పును, వేరొకచోట నియమము మరచిపోబడును. తుదకు ఇరువది చోట్ల ఇరువది విధముల కావళ్లు ఏర్పడును.

2014లో వెలువడిన 5.5వ కూర్పుతో దీనికొక ఉపాయము వచ్చినది. ప్రశ్నలకు సమాధానములను ముందే ఒక ఫైలులో, పంక్తికొకటి చొప్పున, ఎడమ ప్రశ్న, నడుమ సమానచిహ్నము, కుడివైపు సమాధానముగా వ్రాసి, స్థాపక కార్యక్రమపు గర్భములోనే ఉంచవచ్చును. ఫైర్‌వాల్ నియమములను, తుదిలో నడువవలసిన ఆదేశములను మరియొక మూటగా కట్టవచ్చును. ఇట్లు సిద్ధపరచిన ప్రతిని పెన్‌డ్రైవుపై వ్రాసి, దానితో కంప్యూటరును ప్రారంభించినచో, అది క్షణకాలము వేచి, ఎవరి ప్రమేయమును లేక తన పని తానే ముగించుకొనును.

నియమములలో మొదటిది అన్నిటిని నిషేధించునదిగా నుండవలెను. పిమ్మట అవసరమైనవానికే అనుమతి నీయవలెను. పీఎఫ్‌లో సాధారణముగా చివర సరిపడిన నియమమే చెల్లును గనుక వరుస తప్పినచో అర్థమే తారుమారగును. నియమములను అమలుపరచకయే వానిలోని వ్యాకరణ దోషములను పరీక్షించు ఆదేశము కలదు, దానిని ఉపేక్షింపరాదు.

అయితే అడుగకుండ పనిచేయు సేవకుడు అడుగకుండ నష్టమును గూడ చేయగలడు. ఈ పెన్‌డ్రైవును పొరపాటున వేరొక కంప్యూటరునకు తగిలించి ప్రారంభించినచో అందలి ఫైళ్లన్నియు తుడిచివేయబడవచ్చును. కావున దానిపై స్పష్టమైన చీటీ అంటించి బీరువాలో భద్రపరచవలెను. సంకేతపదమును ఉన్నదున్నట్లు వ్రాయక దాని గూఢరూపమునే ఉంచవలెను. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను దుష్ట కార్యక్రమము పెన్‌డ్రైవుల ద్వారా గూడ పాకినదన్న సంగతి మరువరాదు. అసలు కూర్పునకు దాని నిర్మాతల సంతకముండును, స్థాపక కార్యక్రమము దానిని సరిచూచును. స్థానికముగా కట్టిన మూటకు అట్టి రక్ష లేదు, కట్టినవారి జాగ్రత్తయే రక్ష. ఒక తప్పు ఇరువది తప్పులు కాకుండ, ముందుగా ఒక్క యంత్రముపై ప్రయోగించి చూడవలెను.

స్థాపనతో బాధ్యత తీరదు. ఆరు నెలలకొక కొత్త కూర్పు వచ్చును. మార్పులను వెంటవెంట స్వీకరింపవలెను. సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశముల ప్రకారము లాగులను 180 దినములు భద్రపరచవలెను, దుర్ఘటనలను ఆరు గంటలలో తెలుపవలెను. గడియారములను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు కాలముతోనో, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాలముతోనో సరిపోల్చవలెను. ఆ పంక్తిని గూడ మూటలోనే చేర్చుట మేలు.

కేంద్ర ప్రభుత్వోద్యోగికి బదిలీ తప్పదు. నేర్చిన వ్యక్తి వెళ్లినపుడు అతని నేర్పును వెంట పోవుట కార్యాలయములకు పరిపాటియైన నష్టము. సమాధానముల ఫైలు అట్లు పోదు. ఏ ద్వారమును ఎందుకు తెరచిరో, ఎందుకు మూసిరో పక్కనే వివరణ వ్రాసియుంచినచో, తరువాత వచ్చినవారు దానిని కార్యాలయపు దస్త్రమువలె చదివి, ప్రశ్నించి, సవరింపగలరు. కాలము మిగులుట ఒక లాభమే; కాని కావలి యేల పెట్టబడెనో పదిమందికి తెలిసియుండుట అంతకంటె గొప్ప లాభము.