విమానమెక్కిన పరుపు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉద్యోగం గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడమన్నారు కమిటీ వాళ్ళు. ముప్పై ఏళ్ళుగా కాంక్రీటు, స్టీలు తప్ప వేరే లోకం లేనివాణ్ణి. అయితే ఈ నాలుగైదేళ్ళలో మనవాళ్ళు నాకు ఎక్కువగా ఫోన్ చేసింది బీముల గురించో స్లాబుల గురించో కాదు. ఒక పరుపును విమానంలో ఎలా తీసుకెళ్ళాలని! మా అమ్మాయి బండలెక్కుతుంది. మన పిల్లల్లో ఇంకా చాలామంది ఎక్కుతున్నారని ఆ ఫోన్ల వల్లే తెలిసింది. కాబట్టి ఇవాళ పరుపు గురించే.

ఈ ఆటను బౌల్డరింగ్ అంటారు. తాడు ఉండదు. మూడు నాలుగు మీటర్ల బండ, చేతులకు సుద్దపొడి, కాళ్ళకు బిగుతైన బూట్లు, కింద క్రాష్ ప్యాడ్ అనే పరుపు. మన బడి వెనక గుట్ట మీద మనం చేసిందీ అదే, పేరు తెలియదంతే. మనం వరిగడ్డి పరుచుకునేవాళ్ళం. డ్రిల్లు సార్ కంటపడితే ఆ గడ్డితోనే మమ్మల్ని ఊడ్చేసేవారు.

3 మీటర్ల ఎత్తు నుంచి పడితే కిందికి చేరేసరికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. అది రాతి మీద ఒక సెంటీమీటరులో ఆగడానికీ, 10 సెంటీమీటర్ల ఫోమ్‌లో ఆగడానికీ దెబ్బలో పది రెట్లు తేడా. చీలమండ నిలిచేదీ విరిగేదీ అక్కడే. "ఇంజనీరువి కదా, పరుపును పలచగా చేయలేవా?" అని ఒక మిత్రుడు అడిగాడు. మందమే దాని పని, నాయనా! "గాలి తీసేసి చుట్టేస్తే?" అని ఇంకొకరు. లోపలి మెత్తటి స్పాంజి నలుగుతుంది కానీ, పైనుండే గట్టి ఫోమ్‌లో గాలి గదులు మూసుకుని ఉంటాయి. అది నలగదు. పడ్డ బరువును పరుపంతా పంచేది ఆ పొరే.

ఇక విమానం సంగతి. విప్పితే 120, 100, 10 సెంటీమీటర్లుండే ప్యాడ్ మడిస్తే 100, 60, 20 అవుతుంది. మూడూ కలిపితే 180. చాలా విమాన సంస్థలు మామూలు పెట్టెకు పెట్టుకున్న హద్దు 158. బరువేమో ఆరేడు కిలోలే! కార్గోలో వేద్దామంటే వాళ్ళు బరువును కాదు, చోటును తూస్తారు. ఘనపరిమాణాన్ని 6000తో భాగిస్తే ఈ ఆరు కిలోల పరుపు 20 కిలోలైపోతుంది. అన్యాయం అనిపిస్తుంది కానీ, విమానం పొట్టలో చోటు కూడా సరుకే కదా. నాకు ఆ లెక్క మీద కోపం లేదు.

కోపమల్లా కౌంటరు దగ్గర మారిపోయే మాట మీద. మా అమ్మాయి, ఇద్దరు స్నేహితురాళ్ళు లద్దాఖ్‌లో కార్గిల్ దగ్గరి సురు లోయకు బయల్దేరారు. మూడు ప్యాడ్లు. ముందే కొలతలు రాసి పంపి, సరేనన్న ఈమెయిల్ అచ్చుతీసి పట్టుకెళ్ళాం. కౌంటరులో అమ్మాయి టేపు తీసింది, పెద్దాయనను పిలిచింది, ఆయన ఈమెయిల్ చదివాడు, "రెండింటికే చోటుంది" అన్నాడు. అక్కడ ఒప్పుకున్నా ఢిల్లీలో మారే విమానం లేహ్‌కు వెళ్ళేది. ఆ విమానాశ్రయం 3,200 మీటర్లకు పైన ఉంది. అంత పలచటి గాలిలో విమానం మోసే బరువు మీద పట్టింపు ఎక్కువ. మూడోదాన్ని నేను భుజానేసుకుని ఇంటికి తెచ్చాను. పిల్లలు వాదించకుండా లోపలికి వెళుతూ, ఎత్తైన బండలన్నీ తమ జాబితాలోంచి కొట్టేశారు. ఏడాదిపాటు సాధన చేసింది వాటి కోసమే. వాళ్ళు కొట్టేశారు గనుకే నేను ఆ పది రోజులూ నిద్రపోయాను.

అందుకే ఫోన్ చేసేవాళ్ళను ముందు అడిగేది, ఎక్కడికని. హంపికైతే విమానమెందుకు, రైలెక్కి హోసపేటలో దిగండి. పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో అడవికైతే ఉత్త చేతులతో వెళ్ళండి, అక్కడ ప్యాడ్లు అద్దెకు దొరుకుతాయి. అద్దె దొరకని కొండల్లోకైతేనే ఈ తంటా. పది రోజుల ముందే రోడ్డు మార్గాన పంపగలిగితే అంతకన్నా మేలు లేదు.

విమానంలో తప్పదంటే భుజం పట్టీలన్నీ లోపలికి మడిచి, పైన గోనెపట్టా చుట్టి తాడుతో కట్టండి. వేలాడే పట్టీ కన్వేయర్ బెల్టులో ఇరుక్కుంటే పట్టీతోపాటు కుట్లూ పోతాయి. మడతలో బట్టలు పెట్టుకోవచ్చు, గట్టి వస్తువులు వద్దు. సుద్దపొడిని మూత బిగిసే డబ్బాలో పెట్టి పైన పేరు రాయండి. తెల్లపొడి కనిపిస్తే సెక్యూరిటీ వాళ్ళు విప్పుతారు, అది వాళ్ళ ధర్మం. పవర్ బ్యాంకు మాత్రం అందులో పెట్టకూడదు, చేతి సంచిలోనే. దిగాక మోకాలితో ప్యాడ్ అంతా నొక్కి చూడండి. పెద్ద పెట్టెల కింద నలిగిన చోట నేల తగులుతుంది. ఆ భాగాన్ని పడే చోట వేయకండి.

ఆ మూడో ప్యాడ్ ఇప్పుడు మా ఇంట్లోనే, మెట్ల కింద ఉంది. మీ పిల్లలకు కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి, అద్దె లేదు. కొలతలు రాసిన కాగితం దాని జేబులోనే పెట్టి ఉంచాను.